ఎడమవైపు సీటు కోసం

పోయిన సంక్రాంతికి మా మేనకోడలు మార్కాపురం వచ్చింది. పండక్కి వచ్చిందన్న మాటే గానీ దాని మనసు పండగ మీద లేదు. మా అన్నయ్య రెండెకరాలు అమ్మి, పైన అప్పు చేసి విమానం నడపడం నేర్పించిన పిల్ల అది. రెండొందల గంటలు గాల్లో ఎగిరి, పరీక్షలన్నీ గట్టెక్కి కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు దాని చేతిలో రెండు ఉద్యోగాలున్నాయి. ఒకటి పెద్ద విమాన కంపెనీ. మంచి జీతం, యూనిఫాం, పేరు. కాకపోతే కో-పైలట్‌గా కుడివైపు సీట్లో చాలా ఏళ్ళు కూర్చోవాలి. రెండోది అద్దెకు విమానాలు తిప్పే చిన్న సంస్థ. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరిగెత్తాలి. అయితే విమానాన్ని తొందరగా దాని చేతికే ఇస్తామన్నారు.

ఇంట్లో తలా ఒక మాట. పెద్ద కంపెనీ అయితే మంచి సంబంధాలొస్తాయని వదిన. అప్పు ముందు తీరాలని అన్నయ్య. రాత్రిళ్ళు ఇంటికి పంపించే ఉద్యోగం ఏదో చూసుకోమని మా అమ్మ. చివరికి అది నా దగ్గరకొచ్చి, అత్తా, నువ్వయితే ఏం చేస్తావని అడిగింది.

గిద్దలూరు దగ్గర పల్లెబడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నాకు విమానాల సంగతి ఏం తెలుస్తుంది? కానీ బళ్ళో ఆడపిల్లలకి ఏటా చెప్పే కథ ఒకటుంది. ప్రేమ్ మాథుర్ కథ. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని దానికీ అదే చెప్పాను. మీకూ చెబుతాను.

దొనకొండలో రన్‌వే

కథ మన పక్కనుంచే మొదలుపెడతాను. మార్కాపురం నుంచి గుంటూరు వైపు రైల్లో పోతే దొనకొండ వస్తుంది. అక్కడ బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి విమానాల మైదానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన దేశంలో ఇలాంటి మైదానాలు ఎన్నో వాడుకలో ఉండేవి. 1945లో యుద్ధం అయిపోయింది. సైన్యానికి పనికొచ్చిన డకోటా విమానాలు వందలకొద్దీ మిగిలిపోయాయి. వాటిని చవగ్గా అమ్మేశారు. రెండు ఇంజన్లు, ఇరవై మందికి పైగా జనం పట్టే విమానం. డబ్బున్న వాళ్ళు తలా నాలుగు కొనుక్కుని విమాన కంపెనీలు పెట్టారు. ఊరికొక బస్సు సర్వీసు పుట్టినట్టు, దేశమంతా విమాన సర్వీసులు పుట్టుకొచ్చాయి.

అందులో ఒకటి మన హైదరాబాదులో 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వ రైల్వేకి అందులో పెద్ద వాటా ఉండేది. బేగంపేట నుంచి దాని విమానాలు ఎగిరేవి. మద్రాసు, హైదరాబాదు, నాగపూరు మీదుగా ఢిల్లీ దాకా వెళ్ళేవి. మీ ఇంట్లో మ్యాపు ఉంటే మద్రాసు మీద ఒక చుక్క, హైదరాబాదు మీద ఒక చుక్క పెట్టి స్కేలుతో గీత గీయండి. ఆ గీత సరిగ్గా మన మార్కాపురం పక్కగానే పోతుంది! బళ్ళో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు కిటికీలోంచి ఆకాశంలోకి చూసేవాళ్ళు.

ఎనిమిది చోట్ల కాదన్నారు

మన దేశంలో విమానం ఒంటరిగా నడిపిన మొదటి ఆడవాళ్ళ పేర్లు తలుచుకుంటే ముందు సరళా థక్రాల్ గుర్తొస్తుంది. 1936లో లాహోరులో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో, చీర కట్టుకునే జిప్సీ మాత్ విమానం ఎక్కింది. అప్పటికే ఆమెకి నాలుగేళ్ళ కూతురు. కానీ 1939లో, పైలట్ అయిన భర్త విమాన ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత యుద్ధం వచ్చిపడి, కమర్షియల్ లైసెన్సు కోసం ఆమె మొదలుపెట్టిన శిక్షణ ఆగిపోయింది. విమానం నడపడమే జీవనాధారంగా చేసుకునే అదృష్టం ఆమెకి దక్కలేదు.

ఆ వంతు ప్రేమ్ మాథుర్‌కి వచ్చింది. ఉత్తరప్రదేశ్ అమ్మాయి. అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుంది. 1947లో, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించింది. మన దేశంలో ఆ లైసెన్సు చేతపట్టిన మొదటి మహిళ ఆవిడే. ఉత్త లైసెన్సుకీ దీనికీ తేడా ఉంది. ఉత్త లైసెన్సుతో సరదాకి ఎగరొచ్చు. కమర్షియల్ లైసెన్సు ఉంటేనే జీతం తీసుకుని నడపొచ్చు.

లైసెన్సు వచ్చింది సరే, ఉద్యోగం ఇచ్చేదెవరు? ఆవిడ ఒకదాని తర్వాత ఒకటిగా ఎనిమిది కంపెనీలకి దరఖాస్తు పెట్టుకుంది. ఎనిమిదీ కాదన్నాయి. చదువు తక్కువనో, చెయ్యి తిరగలేదనో కాదు. ఆడమనిషి నడుపుతోందని తెలిస్తే జనం విమానం ఎక్కరని వాళ్ళ భయం. తప్పు మాది కాదమ్మా, జనానిదీ అని తోసెయ్యడం ఎంత సులువో చూడండి. మనలో చాలామందికి ఈ జవాబు ఏదో ఒక రూపంలో వచ్చే ఉంటుంది.

మన దేశమే ఇలా ఉండేదనుకోకండి. అమెరికాలో హెలెన్ రిచీ అనే ఆమెని 1934 చివర్లో ఒక విమాన కంపెనీ పైలట్‌గా తీసుకుంది. తోటి పైలట్ల సంఘమే ఆమెని సభ్యురాలిగా చేర్చుకోలేదు. ఏడాది తిరక్కుండానే ఆమె విసిగి మానేసింది. ఆ తర్వాత అక్కడి పెద్ద కంపెనీల్లో ఆడవాళ్ళు మళ్ళీ పైలట్లుగా చేరింది 1973లో. అంత పెద్ద దేశంలోనే దాదాపు నలభై ఏళ్ళు!

అలాంటి రోజుల్లో ప్రేమ్ మాథుర్‌కి సరేనన్నది మన హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్. తెలుగువాళ్ళం గర్వంగా చెప్పుకోవాల్సిన మాట ఇది. ఆవిడ ఊరు వదిలి ఇంత దూరం వచ్చి కో-పైలట్‌గా చేరింది.

కుడి సీటు, ఎడమ సీటు

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. విమానం ముందు గదిలో రెండు సీట్లుంటాయి. ఎడమవైపు కూర్చునేది కమాండరు. కుడివైపు కో-పైలట్. నడపడం ఇద్దరికీ వచ్చు. వంతులవారీగా ఇద్దరూ నడుపుతారు కూడా. కానీ వాన వస్తే వెనక్కి తిప్పాలా, ముందుకే పోవాలా, దిగాలా వద్దా అన్న చివరి మాట ఎడమ సీటుది. విమానంలో ఉన్న వాళ్ళందరి బాధ్యతా ఆ సీటుదే. కుడి సీట్లో కావలసినన్ని గంటలు ఎగిరి, అనుభవం చూపించిన మీదట ఎడమ సీటు వస్తుంది. పద్ధతి అది.

ప్రేమ్ మాథుర్ కుడి సీట్లో గంటలు పోగేసుకుంది. ఆవిడ పనిచేసిన విమానాల్లో ఇందిరాగాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి, లేడీ మౌంట్‌బాటెన్ లాంటి వాళ్ళు ప్రయాణం చేశారని చెబుతారు. ఆడమనిషి నడిపితే జనం ఎక్కరన్నారు కదా, ఎక్కారు, దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. 1949లో జాతీయ విమాన పందెంలో ఆవిడే గెలిచింది. చేతకాదని అనడానికి ఎవరికీ నోరు లేదిక.

అయినా ఎడమ సీటు మాత్రం రాలేదు. కావలసిన గంటలు నిండినా కంపెనీ ఆవిడకి కమాండ్ ఇవ్వలేదు. ఉద్యోగం ఇచ్చి ఆదరించిన సంస్థే ఒక గీత గీసి, ఇక్కడిదాకే అంది.

ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? ఎనిమిది మంది కాదన్నప్పుడు వీళ్ళే కదా తీసుకున్నారు అనుకుంటాం. పోనీలే అని సర్దుకుంటాం. ఆవిడ సర్దుకోలేదు. అలాగని రచ్చా చెయ్యలేదు. హైదరాబాదు ఉద్యోగం వదిలి ఢిల్లీ వెళ్ళింది. పారిశ్రామికవేత్త ఘనశ్యామ్ దాస్ బిర్లా సొంత విమానానికి పైలట్‌గా చేరింది.

పైకి చూసేవాళ్ళకి ఇది దిగజారడంలా కనిపిస్తుంది. వేళకి బయల్దేరే సర్వీసులు, పేరున్న కంపెనీ, ప్రముఖులైన ప్రయాణికులు, ఇవన్నీ వదులుకుని ఒక్క యజమాని విమానానికి రావడమేమిటి? యజమాని ఎప్పుడు బయల్దేరితే అప్పుడే బయల్దేరాలి. పండగా పబ్బం అనడానికి లేదు. కానీ ఆవిడ దేనికోసం చదువుకుందో, దేనికోసం ఎనిమిది గుమ్మాలు ఎక్కి దిగిందో, అది అక్కడ దొరికింది. విమానం నడపడం ఆవిడ చేతిలోకి వచ్చింది.

ఎనిమిది కాస్తా ఒకటైంది

కథ అక్కడితో అయిపోలేదు. విమాన కంపెనీలు మరీ ఎక్కువై, వాటిలో చాలావాటికి నష్టాలు పట్టుకున్నాయి. 1953లో ప్రభుత్వం విమాన సర్వీసుల్ని జాతీయం చేసింది. దేశంలోపల తిరిగే కంపెనీలన్నీ, మన దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. ఆ ఏడాదే ప్రేమ్ మాథుర్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది. మిగతా ఉద్యోగ జీవితమంతా అక్కడే. 1992లో కన్నుమూసింది.

నాకు ఈ భాగం చెప్పేటప్పుడల్లా ఒక ఆలోచన వస్తుంది. ఎనిమిది మంది కాదన్నా ఆవిడ బతికిపోయింది, ఎందుకంటే అడగడానికి ఇంకో గుమ్మం ఉంది. కమాండ్ ఇవ్వమన్నప్పుడూ వెళ్ళడానికి ఇంకో చోటుంది. దేశమంతా ఒకే కంపెనీ ఉన్న రోజుల్లో ఒక్కరు కాదంటే అందరూ కాదన్నట్టే. ఆడపిల్లకి రెండు దారులుండటం విలాసం కాదు, అదొక బలం. ఆ బలం ఆవిడకి కొన్నేళ్ళే దొరికింది. దొరికిన కొన్నేళ్ళనీ ఆవిడ వృథా చెయ్యలేదు.

ఆవిడ తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి 1966లో దుర్బా బెనర్జీ వచ్చింది. 1985 నవంబరులో సౌదామినీ దేశ్‌ముఖ్ కమాండరుగా, నివేదితా భాసిన్ పక్కన కో-పైలట్‌గా, అంతా ఆడవాళ్ళే ఉన్న విమానం కలకత్తా నుంచి సిల్చారు వెళ్ళింది. ఇవాళ మన దేశంలో పైలట్లలో నూటికి పన్నెండు మందికి పైగా ఆడవాళ్ళే. ప్రపంచం మొత్తం మీద చూస్తే నూటికి అయిదారుగురు మించరు. ఆ వరసలో చిట్టచివర మా మేనకోడలు నిలబడింది.

నన్నెవరూ అడగని ప్రశ్న

కథ విన్నాక అది చాలాసేపు మాట్లాడలేదు. నాకు నా రోజులు గుర్తొచ్చాయి. 1984లో నాకూ రెండు కాయితాలొచ్చాయి. ఒకటి హైదరాబాదులో ఒక ఆఫీసు ఉద్యోగం. రెండోది గిద్దలూరు దగ్గర టీచరు పోస్టు. ఇంట్లో అందరూ ఒకటే అడిగారు, సాయంత్రానికి ఇల్లు చేరగలవా అని. ఆ ప్రశ్నకి జవాబు గిద్దలూరే. అంతే, తేలిపోయింది. పొద్దున్నే మీటరు గేజి రైలెక్కి, తర్లుపాడు, కంభం దాటి, నల్లమల కొండల్ని చూసుకుంటూ వెళ్ళేదాన్ని. బడి నాకు ఎంతో ఇచ్చింది. ఆ పిల్లల్ని తలుచుకుంటే నేను ఎంచుకున్నది తప్పని ఇప్పటికీ అనిపించదు. కానీ, నీకేది ఇష్టమే అని ఎవరూ అడగలేదు. అంతకంటే చిత్రం, నన్ను నేనూ అడుక్కోలేదు.

ప్రేమ్ మాథుర్ జీవితంలో నేను చూసింది ఇదే. ఆవిడ జీతాన్ని బట్టి మారలేదు, పేరుని బట్టి మారలేదు. నేను నేర్చుకున్న పనిలో చివరి మాట నాది ఎక్కడవుతుంది అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని నడిచింది. పెద్ద కంపెనీలో ఆ జవాబు దొరక్కపోతే చిన్న విమానానికి వెళ్ళింది. చిన్నది కాబట్టి వెళ్ళలేదు, వదిలినది పెద్దది కాబట్టి ఆగనూ లేదు.

మా ఊరు పలకలకి పేరు. ఇంట్లో పాత రాతిపలక ఒకటుంటే తీసి, మధ్యలో నిలువుగీత గీసి దాని చేతికిచ్చాను. జీతం, సెలవులు, సంబంధాలు, దూరం, అన్నీ రాసుకో, తప్పులేదు, అప్పు తీరాలి కదా అన్నాను. కానీ అన్నిటికంటే పైన ఒకటి రాయమన్నాను. ఎడమ సీటు ఎక్కడ, ఎన్నాళ్ళకి? వాళ్ళు నోటిమాటగా చెబుతున్నారా, కాయితం మీద పెడతారా? గంటలు నిండాక ఇవ్వకపోతే నువ్వు వెళ్ళగలిగేలా ఒప్పందం ఉందా, లేక బాండు పేరుతో కట్టిపడేస్తారా? ఇవి అడిగి తెలుసుకున్నాక నువ్వే తేల్చుకో, మేమెవరం మధ్యలో రామని చెప్పాను. వదినకి కొంచెం కోపమొచ్చింది. మా అమ్మ మాత్రం నవ్వి ఊరుకుంది.

కనుమ వెళ్ళిన మర్నాడు అది రైలెక్కింది. ఏది ఎంచుకున్నావని నేను అడగలేదు. వారం తర్వాత అదే ఫోన్ చేసి చెప్పింది. రెండు చోట్లా ఆ మూడు ప్రశ్నలూ అడిగిందట. ఒకచోట వెంటనే జవాబిచ్చారట. ఇంకోచోట నవ్వి మాట దాటేశారట. జవాబిచ్చిన చోటే చేరానంది.

అది పెద్ద కంపెనీయా, చిన్నదా అని మీరు నన్ను అడుగుతారని తెలుసు. చెప్పను. మీ ఇంట్లో ఆడపిల్ల చేతిలో రెండు కాయితాలున్న రోజున ఆ సంగతి మీకేం పనికిరాదు. ఆ మూడు ప్రశ్నలే పనికొస్తాయి.