కుర్చీ దిగిన కార్మిక మంత్రి – వి.వి. గిరి

పోటీ పరీక్షలకు చదివేటప్పుడు వి.వి. గిరి గారి పేరు మనమంతా చూసే ఉంటాం. భారత నాలుగో రాష్ట్రపతి అని ఒక బిట్టుగా గుర్తుపెట్టుకుని పేజీ తిప్పేస్తాం. పోర్టు, రైల్వే, ఉక్కు కార్మికులున్న ఈ విశాఖలో చదువుకుంటున్న మనం ఆయన గురించి తెలుసుకోవలసింది ఇంకా ఉంది.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. 1913లో లా చదవడానికి ఐర్లండ్‌లోని డబ్లిన్ వెళ్లారు. ఆ ఏడాదే అక్కడి యజమానులు సంఘంలో చేరిన వేలాది కార్మికులకు గేట్లు మూసేశారు. 1916 తిరుగుబాటు తర్వాత ఆయన ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

తిరిగి వచ్చాక, మన వాల్తేరు మీదుగా నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మికులను సంఘంగా కూడగట్టారు. 1920ల చివర ఉద్యోగాల కోత మీద జరిగిన సమ్మెల్లో ముందు నిలిచారు. 1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు.

1952లో శ్రీకాకుళం ప్రాంతంలోని పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ గారి ప్రభుత్వంలో కార్మిక మంత్రిగా చేరారు. యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని, ట్రిబ్యునల్ చివరి మార్గం కావాలని ఆయన వాదన. అసలు పరీక్ష 1954లో వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మార్చింది. కార్మికులు తీర్పుకు కట్టుబడాలని చెప్పే ప్రభుత్వం తానే దాన్ని మారిస్తే ఎలా? గిరి గారు మంత్రి పదవికి రాజీనామా చేశారు.

1969లో స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి, మరో తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి గారిపై గెలిచి రాష్ట్రపతి అయ్యారు. 1974 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో గని కార్మికుల సమ్మె నడుమ ఎన్నికలు జరిగి హీత్ ప్రభుత్వం పడిపోయింది. అదే ఏడాది మే నెలలో మన దేశంలో రైల్వే కార్మికులు సమ్మెకు దిగితే, ఇందిరాగాంధీ ప్రభుత్వం వేలమందిని అరెస్టు చేసి సమ్మెను అణచివేసింది. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మేరకే నడవాలి, నిజమే. కానీ రైల్వే సంఘం నుంచి ఎదిగిన మనిషి రాష్ట్రపతి భవన్‌లో ఉండగానే ఇది జరిగింది. ఈసారి ఆయన కుర్చీ దిగలేదు. ఆగస్టులో పదవీకాలం ముగిసేదాకా ఉన్నారు.

1975లో భారతరత్న అందుకుని, 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే పెట్టారు.

మా ఇళ్లలో మొదటి డిగ్రీ మాది. మనలో చాలామందిదీ అదే కథ. రేపు గ్రూప్స్ రాసి మనలో కొందరం ఆఫీసర్లం అవుతాం. అప్పుడు అర్జీ పట్టుకుని టేబుల్ ముందు నిలబడేది మన నాన్నలాంటి కూలీయే. ఆ రోజు మనలో 1954 నాటి గిరి గారు ఉంటారా, 1974 నాటి గిరి గారు ఉంటారా? కుర్చీ ఎక్కకముందే ఆలోచించుకుందాం.