ప్లస్ బటన్ వెనక మనిషి: గుంపేయి యోకోయి

చేవెళ్ల, మొయినాబాద్‌ల నుంచి ప్రొద్దుటూరు వైపు వచ్చే స్కూలు బస్సుల్లో ఓ వాదన ఎప్పటికీ తెగదు. ప్లేస్టేషన్ గొప్పదా, ఎక్స్‌బాక్సా, నింటెండోనా? ఎవరు ఎవర్ని కాపీ కొట్టారు? సాయంత్రం ఇంటికొచ్చి అదే ప్రశ్న మనల్నీ అడుగుతారు. జవాబు చెప్పే ముందు జపాన్‌కు చెందిన గుంపేయి యోకోయి గురించి తెలుసుకుంటే మంచిది. మన చిన్నప్పుడు టీవీకి తగిలించి మారియో ఆడుకున్నాం కదా, ఆ రిమోట్‌లో ఎడమ బొటనవేలి కింద ఉండే ప్లస్ బటన్ ఆయన ఆలోచనే. మనం ఆడిన పెట్టెల్లో చాలావరకు నింటెండో యంత్రానికి నకళ్లేనని అప్పట్లో మనకెవరికి తెలుసు!

యోకోయి 1941లో క్యోటోలో పుట్టారు. అక్కడే దోషిషా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1965లో నింటెండోలో చేరారు. అప్పటికది పేకముక్కల కంపెనీ. ఆయన పని ముక్కలు తయారుచేసే యంత్రాలను చూసుకోవడం. తీరిక దొరికినప్పుడు, దూరంగా ఉన్న వస్తువును సాగి పట్టుకునే ఓ చేతి బొమ్మ చేసుకున్నారు. కంపెనీ అధ్యక్షుడు యమౌచి దాన్ని చూశారు. తిట్లు పడతాయనుకుంటే, అమ్మకానికి పనికొచ్చేలా చేయమన్నారు. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో వచ్చిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడైంది.

నింటెండో మాత్రం కాపీకి అతీతమా? కాదు. 1977లో అది అమ్మిన తొలి టీవీ గేమ్, అప్పటికే అమెరికాలో ఇంటింటా ఆడుతున్న టెన్నిస్ ఆట లాంటిదే.

ఓసారి రైల్లో వెళ్తూ యోకోయి ఒక ఉద్యోగిని గమనించారు. పొద్దుపోక క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటున్నాడాయన. షార్ప్, క్యాసియో కంపెనీలు అప్పటికే క్యాలిక్యులేటర్లలో పోటీపడి ధరలు దించేశాయి. ఎల్‌సీడీ తెరలు చవకయ్యాయి. యోకోయి ఆ తెరతోనే జేబులో పట్టే ఆట చేశారు. అదే 1980 నాటి ‘గేమ్ అండ్ వాచ్’. తెర కొత్తది కాదు, చిప్ కొత్తది కాదు. వాటిని వాడిన చోటే కొత్తది. దీన్ని కాపీ అనడానికి నాకు నోరు రాదు.

1982లో మడతపెట్టే ‘డాంకీ కాంగ్’ చేయాల్సి వచ్చింది. పైకి పొడుచుకొచ్చే జాయ్‌స్టిక్ ఉంటే మడత పడదు. అందుకే చదునైన ప్లస్ బటన్ పెట్టారు. మరుసటి ఏడాది నింటెండో టీవీ కన్సోల్‌కూ అదే వచ్చింది. పేటెంట్ నింటెండోది కాబట్టి మిగతావాళ్లు పక్కదారి వెతికారు: సెగా మెగా డ్రైవ్‌లో గుండ్రటి బిళ్ల, సోనీ ప్లేస్టేషన్‌లో నాలుగు విడి బటన్లుగా కనిపించే అమరిక.

1989లో ‘గేమ్ బాయ్’ వచ్చినప్పుడు ప్రత్యర్థులకు నవ్వొచ్చే ఉంటుంది. రంగుల్లేవు, తెర వెనక లైటు లేదు. అటారీ, సెగా రంగుల తెరలతో దిగాయి. కానీ సెగా ‘గేమ్ గేర్’ ఆరు పెన్సిల్ సెల్లులు మింగి కొద్ది గంటల్లోనే ఆగిపోయేది. గేమ్ బాయ్ నాలుగింటితో పది గంటలు దాటి ఆడేది. సెల్లుల ఖర్చు ఎవరిదో తల్లిదండ్రులకు వేరే చెప్పాలా? తర్వాత వచ్చిన కలర్ మోడల్‌తో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

1995లో ఆయన ‘వర్చువల్ బాయ్’ చేశారు. కళ్లకు ఆనించుకుని చూడాలి. లోపల కనిపించేది ఎరుపు ఒక్కటే. ఏడాది తిరక్కుండానే మూలపడింది. 1996లో ఆయన నింటెండో వదిలి ‘కోటో’ అనే సొంత కంపెనీ పెట్టారు. 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. వయసు 56.

బందాయ్ కంపెనీ కోసం ఆయన పనిచేసిన ‘వండర్‌స్వాన్’ 1999లో విడుదలైంది. అది ఒక్క సెల్లుతో నడుస్తుంది. దానిమీద ప్లస్ బటన్ లేదు. ఆ స్థానంలో నాలుగు విడి బటన్లు ఉన్నాయి.