యజ్ఞశ్రీ శాతకర్ణి

వెలికొండలను దాటి సోమశిలకడ మైదానమునకు దిగిన పెన్నానది నెల్లూరు మీదుగా సముద్రమును చేరును. 18వ శతాబ్ది కడపట నెల్లూరి ప్రాంతమున నొక రైతు రాతిగుట్ట ప్రక్కన దున్నుచుండగా నాగలి ఇటుకకట్టడమునకు తగిలెను. త్రవ్విచూడగా చిన్న శిథిలాలయము, దానిక్రింద ఒక కుండ, కుండలో రోమను బంగారు నాణెములు! పాపము, అతడు వానిని పాతబంగారముగా అమ్మివేసెను. పెక్కు కరగిపోగా ముప్పదికి పైగా మిగిలెను. వానిపై ట్రాజను, హేడ్రియను చక్రవర్తుల ముఖములు కలవు.

రోములో సామాన్యుల చేతిలో ఆడినది బంగారము కాదు. ఇత్తడి, రాగి, కంచు నాణెములు. అగస్టసు చక్రవర్తి కట్టడి ప్రకారము ఒక బంగారు నాణెమునకు 400 రాగి నాణెములు. బంగారమునకు ఏ దేశమందైనను విలువ కలదు. రాగిబిళ్లకు విలువనిచ్చునది రాజముద్ర. అందుచే ఆ కాలమున బంగారము, వెండి ఓడ లెక్కి మన దేశమునకు వచ్చెను. చిల్లర చాలవరకు అచ్చటనే నిలిచెను. మరి మన అంగళ్లలో చెల్లిన చిల్లర యేది?

దానికి యజ్ఞశ్రీ శాతకర్ణి చరిత్రమే సమాధానము. గౌతమీపుత్రుడగు ఈ శాతవాహనరాజు 2వ శతాబ్ది చివరిభాగమున రాజ్యమునకు వచ్చెను. అంతకుముందే క్షత్రపుడైన రుద్రదాముడు ఒక శాతకర్ణిని రెండుమారులు ఓడించి యుండెను. పడమటి సీమలు చేజారినవి. వానిలో కొంతభాగమును యజ్ఞశ్రీ మరల గెలిచెను. నాసికలో, కన్హేరిలో అతని శాసనములు కలవు. తూర్పున చినగంజాములో అతని 27వ పాలనాసంవత్సరపు శాసనము దొరకినది.

గెలిచిన నేలను నిలుపుకొనుట మరింత కష్టము. పడమటి ప్రజలు క్షత్రపుల వెండినాణెములకు అలవాటుపడి యుండిరి. ఆ అలవాటును మాన్పింప బూనక, యజ్ఞశ్రీ అదే తీరున తన ముఖముతో వెండినాణెములు ముద్రింపించెను. ఒకవైపు ప్రాకృతము, రెండవవైపు దేశభాష. నేర్పరియైన రాజు! తూర్పుతీరమున మాత్రము సీసము చెల్లెను. మెత్తని లోహము, అగ్గువ లోహము. ఉప్పు కొనువానికి అదియే చాలును. రాగి, తగరము, సీసము విదేశములనుండి పడమటి రేవులకు వచ్చుచుండెనని నాటి గ్రీకు నావికుని గ్రంథము వలన తెలియుచున్నది.

ఆ సీసపు నాణెములలో కొన్నింటిపై రెండు తెరచాపకొయ్యల ఓడ కలదు. ఆచార్య నాగార్జునునికి మిత్రుడైన త్రిసముద్రాధిపతిగా బాణుడు పేర్కొన్న శాతవాహనుడు ఇతడే యని కొందరందురు. అది యెట్లున్నను, సముద్రమునకు అతడిచ్చిన స్థానమునకు ఆ ఓడయే గట్టి సాక్షి.

పురాణములు అతనికి 29 ఏండ్ల పాలన చెప్పుచున్నవి. తరువాత కొలదికాలమునకే రాజ్యము ముక్కలయ్యెను. 3వ శతాబ్దిలో విజయపురి నేలిన ఇక్ష్వాకులును చిన్న సీసపు నాణెములనే ముద్రించిరి.