అలిక్ ఐజాక్స్

అలిక్ ఐజాక్స్ (1921 జూలై 17 - 1967 జనవరి 26) బ్రిటన్‌కు చెందిన వైద్యుడు, వైరస్ శాస్త్రవేత్త. వైరస్ సోకిన జీవకణాలు ఇరుగుపొరుగు కణాలను కాపాడడానికి విడుదల చేసే ఇంటర్ఫెరాన్ అనే ప్రోటీనును 1957లో జాన్ లిండెన్‌మన్‌తో కలసి లోకానికి వెల్లడించాడు. ఈ ప్రోటీనును చాలినంతగా తయారు చేయలేకపోవడం ఆయన జీవితాంతం ఎదుర్కొన్న సమస్య. ఆయన మరణానంతరం ఆ సమస్యను తీర్చిన మార్గాలలో పట్టుపురుగు ఒకటి కావడం విశేషం.

బాల్యం, విద్య

ఐజాక్స్ స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య నభ్యసించి 1944లో పట్టభద్రుడయ్యాడు. రోగులకు చికిత్స చేయడం కంటే ప్రయోగశాలలో పరిశోధన చేయడం వైపే ఆయన మొగ్గు చూపాడు. 1947లో షెఫీల్డులో చార్లెస్ స్టూవర్ట్-హారిస్ వద్ద ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను అధ్యయనం చేయడం ప్రారంభించాడు. మరుసటి సంవత్సరం రాక్‌ఫెల్లర్ సంస్థ ఉపకారవేతనంపై ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరానికి వెళ్ళి, తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన మెక్‌ఫార్లేన్ బర్నెట్ వద్ద పనిచేసాడు. 1949లో సుసానా ఫాస్ అనే వైద్యురాలిని వివాహమాడాడు. తిరిగివచ్చిన పిమ్మట లండన్‌లోని మిల్‌హిల్‌లో ఉన్న జాతీయ వైద్య పరిశోధన సంస్థలో చేరి, అక్కడి ప్రపంచ ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం పనులు చూసాడు.

ఇంటర్ఫెరాన్ ఆవిష్కరణ

ఒక వైరస్ సోకిన కణంలో మరొక వైరస్ సులభంగా వృద్ధి చెందదన్న సంగతి శాస్త్రజ్ఞులకు అప్పటికే తెలుసు. అందుకు కారణం మాత్రం తెలియదు. 1956లో స్విట్జర్లాండు నుండి మిల్‌హిల్‌కు వచ్చిన యువ శాస్త్రవేత్త లిండెన్‌మన్‌కు కూడా ఇదే విషయంపై ఆసక్తి ఉండడంతో ఇద్దరూ కలసి ప్రయోగాలు చేసారు.

వారు కోడిగుడ్డులోని పిండాన్ని చుట్టి ఉండే పొర ముక్కలను తీసుకొని, వేడిచేసి నిర్వీర్యం చేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌తో కలిపి ఉంచారు. తరువాత ఆ ముక్కల నుండి వెలువడిన ద్రవాన్ని వేరుచేసి, అందులో కొత్త పొర ముక్కలను నానబెట్టారు. ఆ కొత్త ముక్కలపై సజీవమైన వైరస్‌ను ప్రయోగించగా అది వృద్ధి చెందలేదు. అంటే కణాలే ఏదో రక్షక పదార్థాన్ని తయారుచేసి బయటకు విడుదల చేస్తున్నాయని తేలింది. అడ్డుపడడం అనే అర్థమిచ్చే ఆంగ్ల పదం నుండి దానికి ఇంటర్ఫెరాన్ అని పేరు పెట్టారు. ఈ ఫలితాలు 1957లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. జపానులో నాగానో, కోజిమా అనే శాస్త్రవేత్తలు 1954లోనే కుందేళ్ళలో ఇటువంటి నిరోధక పదార్థాన్ని గుర్తించారు.

సందేహాలు, ఇబ్బందులు

చాలామంది శాస్త్రజ్ఞులు ఈ ఆవిష్కరణను వెంటనే విశ్వసించలేదు. అది కేవలం భ్రమ అని సూచించేలా ఇంటర్ఫెరాన్ పేరునే వంకరగా మార్చి పరిహసించినవారు కూడా ఉన్నారు. ఈ అపనమ్మకానికి కారణం లేకపోలేదు. కణాలు ఈ ప్రోటీనును అత్యల్ప పరిమాణంలో తయారు చేస్తాయి. శుద్ధి చేసి చూపడానికి సరిపడినంత పదార్థం ఎవరి వద్దా లేదు. పైగా ఒక జాతి జంతువు ఇంటర్ఫెరాన్ సాధారణంగా ఆ జాతిలో, దానికి దగ్గరి జాతులలో మాత్రమే బాగా పనిచేస్తుంది. కోడి కణాల నుండి తీసినది మనిషికి ఉపకరించదు.

బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, ఔషధ సంస్థలు కలసి ఈ పనికి పూనుకున్నాయి. 1962లో కోతి కణాల నుండి తీసిన ఇంటర్ఫెరాన్‌ను స్వచ్ఛంద సేవకుల చర్మంలోకి ఎక్కించగా, ఆ చోట వేసిన మశూచి టీకా చాలామందిలో పొక్కలేదు. అయితే జలుబును నివారించడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. మోతాదు చాలకపోవడమే దీనికి కారణమని తరువాత తెలిసింది. 1973లో అధిక మోతాదుతో చేసిన పరీక్షలో జలుబు నుండి రక్షణ లభించింది.

చివరి సంవత్సరాలు

ఐజాక్స్ 1961లో సంస్థలోని వైరస్ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. ఆవిష్కరణ జరిగిన కొద్దికాలానికే ఆయన తీవ్రమైన మానసిక కుంగుబాటుకు గురయ్యాడు. 1964లో మెదడు పొరల మధ్య రక్తస్రావం జరిగింది. ఆ తరువాత అధిపతి బాధ్యతలు వదలుకున్నా పరిశోధన మాత్రం మానలేదు. 1966లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికైన ఐజాక్స్, మరుసటి సంవత్సరం జనవరిలో 45 ఏళ్ళ వయసులో లండన్‌లో మరణించాడు. అప్పటికి ఇంటర్ఫెరాన్‌ను ఎవరూ పూర్తిగా శుద్ధి చేయలేదు.

పట్టుపురుగులలో తయారీ

1980లో చార్లెస్ వైస్‌మన్ బృందం మానవ ఇంటర్ఫెరాన్ జన్యువును బాక్టీరియాలో ప్రవేశపెట్టి, ఆ ప్రోటీనును తయారు చేయించింది. 1985లో జపాను శాస్త్రవేత్త సుసుము మయేదా, ఆయన సహచరులు ఇందుకు పట్టుపురుగును వినియోగించారు. పట్టుపురుగులకు గ్రాసరీ రోగం కలిగించే వైరస్ ఒకటి ఉంది. అది సోకిన పురుగు ఒళ్ళు ఉబ్బి, చర్మం చిట్లి, పాలవంటి ద్రవం కారి చనిపోతుంది. మయేదా బృందం ఈ వైరస్‌లో మానవ ఇంటర్ఫెరాన్ జన్యువును చేర్చి పురుగులకు సోకించింది. వైరస్‌తో పాటు ఆ ప్రోటీను కూడా పురుగు ఒంటిలోని ద్రవంలో విస్తారంగా తయారయింది.

ఇదే పద్ధతిలో టోరే అనే జపాను సంస్థ పిల్లి జన్యువుతో పిల్లి ఇంటర్ఫెరాన్‌ను తయారుచేసి 1990లలో పశువైద్యంలో ప్రవేశపెట్టింది. పిల్లుల శ్వాసకోశ వ్యాధికి, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వ్యాధికి దీనిని వాడారు. ఐరోపాలో 2001లో అనుమతి లభించింది. ఇక్కడ జన్యుమార్పిడి జరిగినది పురుగులో కాదు, దానికి సోకే వైరస్‌లో. మేపిన కొద్దిరోజులకే ఫలితం రావడం, ఖరీదైన యంత్రాలు లేకుండానే మల్బరీ ఆకుతో పని జరగడం ఈ పద్ధతిలోని సౌలభ్యాలు.

హైదరాబాదులో

హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 2002లో మానవ ఇంటర్ఫెరాన్‌ను ఈస్టు కణాలలో తయారుచేసి విడుదల చేసింది. కాలేయానికి సోకే హెపటైటిస్ వ్యాధుల చికిత్సలో ఇది ఉపయోగపడింది. హైదరాబాదులోనే, డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రంలో జె. నాగరాజు బృందం గ్రాసరీ వైరస్‌ను తట్టుకొనే జన్యుమార్పిడి పట్టుపురుగులను రూపొందించి 2007, 2013 సంవత్సరాలలో ఫలితాలు ప్రచురించింది. పట్టుపురుగుకు స్వతహాగా ఇంటర్ఫెరాన్ జన్యువు లేదు. అందువలన వారు వైరస్ జన్యువుల పనిని ఆర్‌ఎన్‌ఏ ద్వారా అడ్డుకొనే వేరొక మార్గాన్ని అనుసరించారు. పిల్లికి, కుక్కకు మందు తయారుచేసి ఇవ్వగలిగిన పురుగుకు తనను చంపే వైరస్ నుండి రక్షణ కావలసి రావడం, పట్టు రైతులకు ఆ రోగం వల్ల కలిగే నష్టం దృష్ట్యా ఎంతో ముఖ్యమైన విషయం.