మెదక్ పాస్నెట్ దొరగారు

విదేశముల నుండి మిషను బృందములు వచ్చి, మన బడిపిల్లలతో పాటలు పాడి, మిఠాయిలు పంచి, వారము తిరుగక మునుపే వెళ్ళిపోవుట మేమెరుగుదుము. వారి ప్రేమను తక్కువ చేయము. అయితే అట్టివేళ మాకు రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు జ్ఞాపకమునకు వచ్చుదురు.

1895లో ఆయన ఇంగ్లండు నుండి సికింద్రాబాదు చేరి, మొదట తిరుమలగిరిలో తెల్ల సిపాయిల మధ్య పరిచర్య చేసిరి. మరుసటి యేడు మెదక్ వచ్చిరి. అప్పటికి ఆ ప్రాంతమంతటను క్రైస్తవులు 200 మందికి మించి లేరు. దొరగారు గుఱ్ఱమెక్కి పల్లెలు తిరిగిరి. ఆయన సోదరి ఎమిలీ దొరసానిగారును, సారా హారిస్ దొరసానిగారును స్త్రీల మధ్యను, బాలికల మధ్యను పాటుపడిరి. వెంట నడచిన తెలుగు సువార్తికులు, పల్లెబడి పంతుళ్ళు లేనిచో ఈ పని సాగెడిది కాదు. వారి పేర్లు తలచువారే తక్కువ!

1924 డిసెంబరు 25న మెదక్ పెద్ద గుడి ప్రతిష్ఠింపబడెను. కరవు దినములలో ఆ కట్టడపు కూలియే అనేకుల పొయ్యి వెలిగించెనని పెద్దలు చెప్పుదురు. మా నారాయణఖేడ్ నాడు బీదరు జిల్లాలోనిది. అయినను ఆ గుడి మాకు పరాయిది కాదు.

1939లో ఆయన విశ్రాంతి పుచ్చుకొనిరి, 1950లో ప్రభునందు నిద్రించిరి. మెదక్ పల్లెలలో గడిపిన యేండ్లు 40కి మించినవి.