పిల్లవాడికి ఒక అణా
(సర్ పిట్టి త్యాగరాయ శెట్టి జీవితం)

ప్రతి ఏడాది నివేదికలో ఒక పెద్దమనిషి జీవితం చెప్పుకోవడం మనకు అలవాటు. ఈసారి మద్రాసు నగర కౌన్సిల్‌లో 40 ఏళ్లు పనిచేసిన పిట్టి త్యాగరాయ శెట్టి గారి గురించి చెప్పుకుందాం. మన సంఘాల్లో చాలామంది అక్కచెల్లెళ్ళు బడుల్లో మధ్యాహ్న భోజనం వండుతున్నారు. ఆ పొయ్యి మన దేశంలో ముందుగా వెలిగించినవారిలో ఈయన ఒకరు.

త్యాగరాయ శెట్టి గారు 1852లో పుట్టారు. వాళ్ళది దేవాంగుల కుటుంబం, మగ్గం నమ్ముకున్న కులం, ఇంట్లో మాట తెలుగు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. చదివారు. ఆ రోజుల్లో అంత చదివినవాళ్ళు సర్కారు కొలువు వెతుక్కునేవాళ్ళు. ఈయన మాత్రం వ్యాపారం చేస్తూనే కులవృత్తినీ వదలలేదు. ఉత్తర మద్రాసులోని తండయార్‌పేటలో సుమారు 100 మగ్గాలతో నేత కార్ఖానా నడిపారు. దక్షిణ భారత వాణిజ్య మండలి పెట్టినవారిలోనూ ఉన్నారు. ఎప్పుడూ తెల్లని బట్టలే కట్టేవారు. అందుకే తమిళులు ఆయన్ని తెల్లబట్టల రాజు అని అర్థం వచ్చేలా వెళ్ళుడై వేందర్ అని పిలుచుకున్నారు.

1882లో మద్రాసు కార్పొరేషన్‌లో సభ్యుడయ్యారు. 1922 దాకా కొనసాగారు. నగర కౌన్సిల్ పని అంటే నీళ్ళు, మురికి కాలువలు, వీధి దీపాలు, బడులు, పన్నులు. పేరు తెచ్చే పనులు కావు. మన సంఘం మీటింగుల్లాగే ప్రతిసారీ వెళ్ళి కూర్చోవాలి, లెక్కలు చూడాలి, తీర్మానం రాయించాలి. ఆయన 40 ఏళ్లు ఆ పని చేశారు.

1916లో డాక్టర్ టి.ఎం. నాయర్ తదితరులతో కలిసి బ్రాహ్మణేతరుల కోసం ఒక సంస్థ పెట్టారు. చదువుల్లో, ఉద్యోగాల్లో అన్ని కులాలకూ వాటా కావాలన్నది వాళ్ళ మాట. వాళ్ళు నడిపిన పత్రిక పేరు మీదుగా దానికి జస్టిస్ పార్టీ అన్న పేరు వచ్చింది. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచింది. గవర్నరు విల్లింగ్డన్ ప్రభుత్వం నడపమని త్యాగరాయ శెట్టి గారినే పిలిచారు. ఆయన వద్దన్నారు. ఆ పదవి సుబ్బరాయలు రెడ్డియార్‌కు, 1921లో మన తెలుగువాడైన పానగల్లు రాజాకు వెళ్ళింది. ఈయన నగర కౌన్సిల్‌లోనే ఉండిపోయారు. సభ్యులు ఎన్నుకున్న మొదటి అధ్యక్షుడు ఆయనే.

అధ్యక్షుడిగా ఉన్నప్పుడే మనం చెప్పుకోవలసిన పని జరిగింది. నగరంలో థౌజండ్ లైట్స్ అనే చోట ఒక కార్పొరేషన్ బడి ఉంది. అక్కడికి వచ్చేది నిరుపేదల పిల్లలు. ఆ పేదరికం వల్లనే బడిలో పిల్లల సంఖ్య తగ్గుతోందని ఆయన కౌన్సిల్‌కు చెప్పారు. ఖాళీ కడుపుతో పిల్లవాడు బడికి రాడు, వచ్చినా పాఠం తలకెక్కదు. ఇది తెలియడానికి తల్లులకు కౌన్సిల్ అక్కర్లేదు. దానికి డబ్బు కేటాయించడానికి మాత్రం కౌన్సిల్ కావాలి. 1920 సెప్టెంబరు 16న తీర్మానం అయింది. ఒక్కో పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించకుండా టిఫిన్ పెట్టాలన్నారు. అప్పట్లో రూపాయికి 16 అణాలు. అంటే ఒక్క రూపాయితో కనీసం 16 మంది పిల్లల ఆకలి తీరుతుంది.

తర్వాత మరో నాలుగు బడులకు పెంచారు. 1922-23లో ఆ ఐదు బడుల్లో కలిపి 811 మంది పిల్లలు ఉంటే, 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్లలో రెట్టింపు.

అయినా ఆ పొయ్యి ఆరిపోయింది. ప్రాథమిక విద్య నిధి నుంచి తిండి ఖర్చు పెట్టడానికి వీల్లేదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 1925 ఏప్రిల్ 1 నుంచి టిఫిన్ ఆగిపోయింది. అదే ఏడాది త్యాగరాయ శెట్టి గారు కన్నుమూశారు. పథకం మంచిదైనంత మాత్రాన నిలవదు. ఏ పద్దు కింద డబ్బు వస్తుందో ఆ పద్దు గట్టిగా ఉండాలి. బిల్లు ఆలస్యమైన నెలలో కిరాణా కొట్టులో అప్పు పెట్టి బియ్యంలోకి పప్పు తెచ్చిన మన వంట అక్కలకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఆయన జీవితంలో మెచ్చుకోలేని సంగతి కూడా ఉంది. 1921లో మద్రాసు బిన్నీ మిల్లుల సమ్మె కాలంలో కార్మికుల మధ్య గొడవలు జరిగాయి. అప్పుడు జస్టిస్ పార్టీ నాయకులు ఆది ద్రావిడుల పక్షాన నిలబడలేదు. ఆ బాధతోనే ఎం.సి. రాజా వంటి దళిత నాయకుడు తర్వాత పార్టీ వదిలిపోయారు. అందరికీ వాటా కావాలన్నవాళ్ళు అందరికంటే కింద ఉన్నవాళ్ళను దూరం చేసుకున్నారు. మన సంఘాల్లోనూ ఎవరి వంట ఎవరు తినాలన్న మాట వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

టిఫిన్ కథ అక్కడితో ముగియలేదు. మద్రాసు కార్పొరేషన్ తర్వాత మళ్ళీ పేద పిల్లలకు తిండి పెట్టింది. 1956లో కామరాజ్ దాన్ని రాష్ట్రంలోని బడులకు తీసుకెళ్ళారు. 2001లో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైనప్పుడు వంట బాధ్యత మనలాంటి సంఘాల చేతికే వచ్చింది.

చెన్నైలో టి. నగర్ అని అందరూ చీరలకు వెళ్ళే చోటు ఉంది. ఆ టి అంటే త్యాగరాయ. ఈసారి వెళ్ళినవాళ్ళు ఆ పేరు తలుచుకోండి. అంతకంటే ముఖ్యం, వచ్చే మీటింగులో తీర్మానం పుస్తకం తెరిచినప్పుడు తలుచుకోండి. అణా ఖర్చుకు ఆనాడు రాసిన ఒక తీర్మానం ఐదు బడులను నింపింది. మనం రాసే తీర్మానమూ అలాంటిదే కావచ్చు. ఏ పద్దు నుంచి, ఎంత, ఎప్పటికి అన్నది మాత్రం అందులో స్పష్టంగా రాయించుకుందాం.