నిజాంసాగరం కట్టిన ఇంజనీరు

బోధన్ ప్రాంతపు చెరకు తోటలకు ప్రాణము పోసినది నిజాంసాగరం కాలువ. ఆ జలాశయాన్ని కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు మాత్రం పాఠశాల పుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది.

వారి అసలు పేరు మీర్ అహమద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. ప్రభుత్వ విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్ళి, కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1899లో తిరిగివచ్చి నిజాం ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదులో వేలాది ప్రజలను బలిగొన్నది. వరదను నగరానికి ఎగువనే ఆపవలెనని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించారు. 1918లో ఛీఫ్ ఇంజనీరు పదవి నందుకొన్న అలీ నవాజ్ జంగ్ హయాములో ఉస్మాన్‌సాగరం, హిమాయత్‌సాగరం పూర్తి ఐనవి. పాలేరు, వైరా జలాశయాలును ఆయన చలువే.

అన్నిటికంటె ఘనమైనది మంజీరపై అచ్చంపేట వద్ద నిర్మించిన నిజాంసాగరం. 1923లో ఆరంభమైన పని 1931లో ముగిసినది. సుమారు మూడు కిలోమీటర్ల రాతి కట్ట, 29.7 టి.ఎం.సి.ల నీరు, అనగా 29.7 శతకోటి ఘనపుటడుగులు; రెండు లక్షల డెబ్బదియైదు వేల ఎకరాల ఆయకట్టు. పలు గ్రామాలు నీట మునిగిన మాటయు మరువరాదు. వానకై ఆకాశము వంక చూచిన రైతు చెరకు నాటసాగినాడు. 1937లో బోధన్‌లో చక్కెర కర్మాగారం వెలసినది. అది 2015లో మూతపడినది. ఆ కథ వేరు.

1949 డిసెంబరు 6న అలీ నవాజ్ జంగ్ కన్నుమూశారు. కాని ఆయన జలాశయానికి అప్పటికే ఒక వ్యాధి సోకినది. బాలాఘాట్ కొండలలో పుట్టిన మంజీర లాతూరు, బీదరు ప్రాంతాల మట్టిని కోసుకొని వచ్చును. ఏటా 530 ఎకరపు అడుగుల పూడిక చేరునని నిర్మాతలు అంచనా వేయగా, తరువాతి కొలతలలో 8,725 అని తేలినది. పదహారు రెట్లు! నీటిని కొలుచుటకు ఆనాడు సాధనములుండెను. వందల మైళ్ళ ఎగువన ఏ చేను మట్టి ఎంత కోతపడుచున్నదో చూచు కన్ను లేదు. కనుక ఈ తప్పును ఆయన ఒక్కరిపై మోపుట న్యాయము కాదు. 1970ల నాటికి నిల్వ 11.8 టి.ఎం.సి.లకు పడిపోయినది. నీటిమట్టాన్ని పెంచి దానిని 17.8కి తెచ్చారు. కాలువ చివరి రైతు మాత్రం అప్పటికే నష్టపోయినాడు.

ఆ కన్ను తరువాత లభించినది. 1974లో హైదరాబాదులో జాతీయ దూర సంవేదన సంస్థ ఏర్పడినది. 1988 మార్చి 17న మన తొలి కార్యాచరణ దూర సంవేదన ఉపగ్రహం కక్ష్య చేరినది. దాని పద్ధతి విద్యార్థులకు సులభముగనే బోధపడును. నీరు పరారుణ కిరణాలను పీల్చుకొనుటచే చిత్రంలో నల్లగా కనబడును. జలాశయం నిండినప్పటి నుండి ఎండువరకు వేర్వేరు తేదీలలో చిత్రాలు తీసి, ప్రతి మట్టం వద్ద నీరు పరచుకొన్న వైశాల్యాన్ని లెక్కింతురు. కట్టనాటి వైశాల్యంతో పోల్చగా తగ్గిన మేర పూడికయే. పడవ వేసి తాడు దించి లోతు చూచుటకు నెలలు పట్టును. ఈ లెక్కకు ఒక ఏడాది చిత్రాలు చాలును. ఎగువన వెలసిన సింగూరు జలాశయంలో నీరెంత ఆగినదో కూడ ఆ చిత్రాలలోనే కనబడును.

మోర్తాడు పొలాలకు సమీపమున, గోదావరిపై 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరంలోను ఇదే పూడిక. 112 టి.ఎం.సి.ల నిల్వ 1994 నాటికి 90కి, 2014 సర్వేలో 80కి తగ్గినది.